ఆరో తరం ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్: మా డీటీపీ కంప్యూటర్‌కు మెమరీ వెతికిన అనుభవం

కంప్యూటర్‌కు ర్యామ్ (పని చేస్తున్నంతసేపు ఫైళ్లు ఉండే మెమరీ) పెంచాలనుకున్నవాళ్లు కొట్టుకు వెళ్లి మొదట అడిగే మాట ‘ఎనిమిది జీబీ ఎంత?’ అని. జీబీ, ధర తేలితే పని అయిపోయినట్టే అనుకుంటారు. మా డీటీపీ సెంటర్ కంప్యూటర్‌కు ర్యామ్ వెతికాక నాకు గట్టిగా నాటుకున్న అభిప్రాయం వేరు. ఆ రెండూ చిట్టచివర అడగవలసిన ప్రశ్నలు. ముందు తెలుసుకోవలసినదంతా మన పెట్టె లోపలే రాసి ఉంటుంది. భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు మీద కొంత, ఇప్పటికే దానిలో ఉన్న ర్యామ్ లేబుల్ మీద కొంత. అది చదవకుండా ఎవరి మాట మీదా డబ్బు పెట్టకూడదు. చెప్పేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, అనుభవం ఉన్నవాళ్లే కావచ్చు, కానీ వాళ్లు మన పెట్టె విప్పి చూడలేదు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలోనే మా సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ డిజైన్లు మా పని. పేజ్‌మేకర్‌లో చేసే శుభలేఖలకు పాత కంప్యూటర్ ఎప్పుడూ చాలింది. ఇబ్బంది అంతా ఫ్లెక్సీలతోనే. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ ముందు రోజుల్లో మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా స్వాగత ఫ్లెక్సీలు కట్టని స్తంభం ఉండదు. ప్రతివారికీ అదే రోజు కావాలి, ప్రతివారి ఫొటోలూ అందులో పడాలి.

ఫ్లెక్సీకి మెమరీ ఎందుకు అంత కావాలో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున చేసినా 8,640 చుక్కల వెడల్పు, 5,184 చుక్కల ఎత్తు వస్తుంది. అంటే దాదాపు 4 కోట్ల 48 లక్షల చుక్కలు. ముద్రణకు వాడే సీఎంవైకే రంగుల్లో ఒక్కో చుక్కకు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరుకే, అంటే పొరకే, సుమారు 180 ఎంబీ. అమ్మవారి చిత్రం, వెనక కోట బొమ్మ, నాయకుల ఫొటోలు, అక్షరాల నీడలు అన్నీ వేరు వేరు లేయర్లు. వెనక్కి తీసుకోవడానికి ఫొటోషాప్ దాచుకునే పాత స్థితులు వీటికి అదనం. మా దగ్గర ఉన్నది 4 జీబీ. అందులో సగం దాకా విండోసే తీసుకుంటుంది. మిగిలింది చాలక ఫొటోషాప్ హార్డ్‌డిస్క్‌ను ఆశ్రయించేది. బల్ల మీద చోటు లేక ప్రతి కాగితాన్నీ పక్క గదిలోని బీరువాలో పెట్టి, మళ్లీ లేచి తెచ్చుకున్నట్టు ఉండేది పని. అక్షరం ఒక అంగుళం పక్కకు జరిపితే గుండ్రం తిరుగుతూ ఉండేది, పక్కన నిలబడ్డ కస్టమరు గడియారం చూసుకుంటూ ఉండేవారు.

కొత్త కంప్యూటరే కొనవచ్చు కదా అని చాలామంది అన్నారు. ఆలోచించాను. మాది ఐ3-6100, అంటే 2015లో వచ్చిన ఆరో తరం ప్రాసెసర్. దీనికి విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కాబట్టి దీని మీద పెద్ద మొత్తం పెట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇది డిజైన్ చేసే పెట్టె మాత్రమే. మెయిళ్లు, వాట్సాప్ ఫొటోలు, కస్టమర్ల పెన్‌డ్రైవులు అన్నీ వేరే ల్యాప్‌టాప్‌లో చూస్తాం. ప్రాసెసర్ ఎప్పుడూ పూర్తిగా అలసిపోయింది లేదు, టాస్క్ మేనేజర్‌లో అది సగం దగ్గరే ఆడుతుంటే మెమరీ గీత మాత్రం పైకప్పుకు అంటుకుని ఉండేది. రోగం ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంటే మొత్తం పెట్టెను మార్చడం నాకు సబబుగా తోచలేదు. హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కూడా వేయాలి, అది వేరే ఖర్చు, తర్వాత వేశాను. మెమరీ చాలనప్పుడు ఎస్ఎస్‌డీ బాధను తగ్గిస్తుందే తప్ప తీర్చదు.

ర్యామ్ వైపు చూడడానికి ముందే సరిచూసుకోవలసింది విండోస్ 64 బిట్టా, 32 బిట్టా అన్నది. బొబ్బిలిలో మాలాగే డీటీపీ చేసే మిత్రుడొకాయన పాత తెలుగు ఫాంట్ల కోసం 32 బిట్ విండోస్‌నే ఉంచుకున్నారు. అందులో 8 జీబీ వేయించారు. సిస్టమ్ వివరాల్లో మాత్రం వాడుకోగలిగింది మూడున్నర జీబీలోపే అని చూపించింది. ర్యామ్‌లో లోపం లేదు. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీని దాటి చూడలేదు, అందులోనూ కొంత భాగం గ్రాఫిక్స్, ఇతర పరికరాల చిరునామాలకు పోతుంది. మాది 64 బిట్టే కాబట్టి ఆ అడ్డంకి లేదు.

ఇక ఏ రకం ర్యామ్ అన్న ప్రశ్న. డీడీఆర్3, డీడీఆర్4 అనేవి ర్యామ్‌లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన రకాలు. ఊళ్లో తెలిసిన కొట్టుకు ఫోన్ చేసి ప్రాసెసర్ పేరు చెప్పాను. “ఆరో తరం కదా గురువుగారూ, డీడీఆర్4. ఎనిమిది జీబీ ఉంది, పంపించమంటారా?” అన్నారాయన. విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడిని అడిగితే వాడూ అదే మాట. “మామయ్యా, నాలుగో తరం దాకా డీడీఆర్3, ఆరు నుంచి డీడీఆర్4. ఇందులో అనుమానం ఏముంది?” అన్నాడు. వాళ్లిద్దరి మాటా చాలా కంప్యూటర్ల విషయంలో నిజమే. నాకు అనుమానం వచ్చింది టాస్క్ మేనేజర్ చూశాక. మెమరీ పేజీలో స్పీడు దగ్గర 1600 అని ఉంది, ర్యామ్ బిగించే స్లాట్ల దగ్గర రెండింటిలో ఒకటే నిండి ఉంది. డీడీఆర్4 ఉన్న ఆరో తరం కంప్యూటర్లలో ఆ అంకె మామూలుగా 2133 ఉంటుంది. 1600 అనేది డీడీఆర్3 వాడకంలో బాగా తెలిసిన వేగం. అదొక్కటే రుజువు కాదు, కానీ పెట్టె విప్పడానికి అది చాలు.

కరెంటు తీసేసి, యూపీఎస్ ఆపి, పక్క మూత విప్పాను. ఏళ్ల ధూళి. బ్రష్షుతో తుడిచాక స్లాట్ల పక్కన తెల్లని చిన్న అక్షరాల్లో డీడీఆర్3 అని కనిపించింది. బోర్డు మోడల్ పేరు కూడా హెచ్110 అని మొదలై చివర డీ3తో ముగిసింది. ఆరో తరం ప్రాసెసర్లలో ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్‌కు రెండు రకాలూ తెలుసు, డీడీఆర్4తో పాటు డీడీఆర్3ఎల్. అప్పట్లో డీడీఆర్4 ఖరీదుగా ఉండేది. అందుకని ఖర్చు తగ్గించడానికి కొన్ని బోర్డులను డీడీఆర్3 స్లాట్లతో చేశారు. ప్రాసెసర్ ఒకటే, చిప్‌సెట్ ఒకటే, స్లాటు మాత్రం వేరు. అందుకే ప్రాసెసర్ తరం చెప్పి ర్యామ్ అడగడం అన్నిసార్లూ సరైన పద్ధతి కాదు. బోర్డు పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాసుకోవాలి.

డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్‌లు, అంటే ర్యామ్ పలకలు, పొడవులో ఒకటే, దాదాపు 133 మిల్లీమీటర్లు. దూరం నుంచి తేడా తెలియదు. కానీ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. అడుగున ఉండే గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది, డీడీఆర్4లో అది మధ్యకు దగ్గరగా జరిగింది. డీడీఆర్4 అడుగు అంచు నిటారు గీతలా కాక మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. తర్వాత వచ్చిన డీడీఆర్5కి కూడా పిన్నులు 288 అయినా, గాటు మళ్లీ మారింది. ఒకదానిలో ఇంకొకటి పట్టకూడదనే ఇలా చేశారు. బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. పట్టనిది అంటే పట్టకూడనిదే.

ఇప్పుడు అసలు సంగతి. ఉన్న స్టిక్‌ను బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకుని లేబుల్ చదివాను. 4జీబీ, 1ఆర్ఎక్స్8, ఆ తర్వాత పీసీ3ఎల్-12800యూ-11. చూడడానికి తయారీదారుడి గుర్తుల్లా ఉంటాయి. ఒక్కొక్కటీ విప్పితే కొనుగోలుకు కావలసిన జాబితా అదే. పీసీ3 అంటే డీడీఆర్3. 12800 అంటే సెకనుకు 12,800 ఎంబీ, దాన్ని 8తో భాగిస్తే 1600, అదే దాని వేగం. చివరి 11 దాని లేటెన్సీ, అంటే అడిగాక సమాచారం ఇవ్వడానికి పట్టే ఆలస్యం. 1ఆర్ఎక్స్8లో ముందున్నది ర్యాంకుల, అంటే చిప్పుల జట్ల సంఖ్య, చివరి 8 ఒక్కో చిప్పు ఎన్ని బిట్ల వెడల్పు అన్నది. నన్ను ఎక్కువసేపు ఆపినవి మిగిలిన రెండు అక్షరాలు, మధ్యలోని ఎల్, చివరి యూ.

ఎల్ అంటే తక్కువ వోల్టేజి. మామూలు డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టులతో. డీడీఆర్3ఎల్ 1.35తో నడుస్తుంది, అవసరమైతే 1.5ను కూడా తట్టుకుంటుంది. మేనల్లుడు ప్రాసెసర్ వివరాల పేజీ వెతికి పంపాడు. ఐ3-6100కి ఇంటెల్ రాసినది డీడీఆర్4 అయితే 1866, 2133. లేదా డీడీఆర్3ఎల్ 1333, 1600, అదీ 1.35 వోల్టుల దగ్గర. మామూలు డీడీఆర్3 పేరు ఆ పేజీలో లేదు. ఆరో తరంలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంది. ఎక్కువ వోల్టేజి ర్యామ్‌ను కొంతకాలం వాడితే ఆ కంట్రోలర్ దెబ్బతినే ప్రమాదం ఉందని ఇంటెల్ అప్పట్లోనే చెప్పింది. కంప్యూటర్ ఆన్ అవుతుంది, నెలల తరబడి నడుస్తుంది కూడా. పోయేది ర్యామ్ కాదు, ప్రాసెసర్. అంత నష్టాన్ని ఆపేది ఆ ఒక్క ఎల్ అక్షరం.

బోర్డు తయారీదారు సైటులో పరీక్షించి చూసిన మెమరీల జాబితా దొరికింది. అందులో 8 జీబీ డీడీఆర్3ఎల్ స్టిక్‌లు ఉన్నాయి, కాబట్టి ఆ సైజు వరకు దిగులు లేదు. ఆ మోడళ్లలో చాలావరకు ఇప్పుడు మార్కెట్లో లేవు. ఆ జాబితాలో లేనిది పనిచేయదని అర్థం కాదు, ఉన్నవి వాళ్లు వేసి చూశారని మాత్రమే అర్థం. దాన్ని నేను మోడల్ పేర్ల కోసం కాక, ఎలాంటి స్టిక్‌లు ఆ బోర్డుకు పడ్డాయో చూడడానికి వాడుకున్నాను.

ఊళ్లో కొట్లు తిరిగాను. ఒకచోట డీడీఆర్3 8 జీబీ ఉంది, లేబుల్ మీద పీసీ3 ఉంది, ఎల్ లేదు. “ఎల్ ఉన్నా లేకపోయినా ఒకటే గురువుగారూ, స్లాటు ఒకటే కదా” అన్నారు. స్లాటు ఒకటే అన్నది నిజం, అందుకే ఈ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. గాటు మనను డీడీఆర్4 నుంచి కాపాడుతుంది గానీ వోల్టేజి నుంచి కాపాడదు. పైగా 1.5 వోల్టుల స్టిక్ ఒకటి, 1.35ది ఒకటి పక్కపక్కన పెడితే బోర్డు మామూలుగా రెండింటికీ 1.5 ఇస్తుంది. ఇంకోచోట ఎర్రటి లోహపు తొడుగుతో మెరిసిపోయే స్టిక్ చూపించారు, వేగం 1866, గేమింగ్‌ది అన్నారు. లేబుల్ కింద చిన్న అంకెల్లో 1.65 వోల్టులు. మా హెచ్110 బోర్డు డీడీఆర్3ను 1600కు మించి నడపదు, అంటే ఆ వేగం నాకు దక్కదు, ఆ వోల్టేజి మాత్రం దక్కుతుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆన్‌లైన్‌లో వెతకడం మరో రకం పరీక్ష. డీడీఆర్3ఎల్ 8 జీబీ అని కొడితే వచ్చేవాటిలో ఎక్కువ ల్యాప్‌టాప్‌వే. ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ కోసం తక్కువ వోల్టేజి మెమరీ విరివిగా వాడారు కాబట్టి అవే ఎక్కువగా కనిపిస్తాయి. అవి సగం పొడవుంటాయి, పిన్నులు 204. ఫొటోలో పక్కన కొలత ఏమీ ఉండదు, తెర మీద రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి. తేడా చెప్పేది లేబుల్ చివరి అక్షరమే. యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది. అదే చోట ఆర్ ఉంటే అది సర్వర్‌కు చేసిన రిజిస్టర్డ్ మెమరీ. పాత సర్వర్లు విప్పినప్పుడు ఇవి గుట్టలుగా వస్తాయి, అందుకే చాలా చవక. పొడవు, గాటు, పిన్నులు అన్నీ డెస్క్‌టాప్ స్టిక్‌లాగే ఉంటాయి, స్లాటులో చక్కగా కూర్చుంటుంది. కంప్యూటర్ మాత్రం లేవదు. చిప్పుల వరస మధ్యలో అదనంగా ఒక చిప్పు కనిపిస్తే, చిప్పులు ఎనిమిదికి బదులు తొమ్మిది చొప్పున ఉంటే అనుమానించాలి.

ఇంకొక రకం ఉంది, దీని గురించి మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పరు. డీడీఆర్3 8 జీబీ చాలా తక్కువ ధరకు పెట్టి, వివరాల్లో ఎక్కడో ఒక మూల ఏఎండీ బోర్డులకు మాత్రమే అని రాస్తారు. అది అమ్మకం కోసం రాసిన మాట కాదు, సాంకేతికంగా నిజమే. మెమరీ చానల్, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి, వెడల్పు 64 బిట్లు. మామూలు డెస్క్‌టాప్ స్టిక్‌లో 8 బిట్ల చిప్పులు ఎనిమిది కలిసి ఆ 64ను నింపుతాయి. ఈ చవక స్టిక్‌లలో 4 బిట్ల చిప్పులు పదహారు కలిసి నింపుతాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 4 బిట్ల చిప్పులను గుర్తించవు, ఏఎండీ పాత బోర్డుల్లో కొన్ని గుర్తిస్తాయి. 8 జీబీ మంచి స్టిక్‌లో కూడా చిప్పులు పదహారే ఉంటాయి కాబట్టి లెక్కపెట్టి తేల్చలేం. లేబుల్ మీద ఎక్స్8 ఉందా, ఎక్స్4 ఉందా అన్నదే గీటురాయి. లేబుల్ ఫొటో దగ్గరగా పెట్టని అమ్మకందారు దగ్గర కొనకూడదని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఎంత కావాలన్న ప్రశ్నకు ఇన్ని తేలాక వచ్చాను. ఉన్న 4కు ఒక 8 కలిపితే 12. ఇది తప్పు కాదు, డబ్బు తక్కువ ఉన్నవారికి నేనూ అదే చెబుతాను. ఇంటెల్ బోర్డులు సైజు సమానం కాని రెండు స్టిక్‌లను కూడా సర్దుకుంటాయి. నాలుగూ నాలుగూ కలిసి 8 జీబీ డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, మిగిలిన 4 సింగిల్ చానల్‌లో నడుస్తాయి. నేను 8 చొప్పున రెండు తీసుకోవడానికి కారణం గ్రాఫిక్స్. మా పెట్టెలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే ఈ మెమరీనే పంచుకుంటుంది. దానికి రెండు చానళ్లూ నిండుగా ఉండడం బాగా కలిసి వస్తుంది. ఒకే తయారీ, ఒకే లేబుల్ ఉన్న జత అయితే వేగం, లేటెన్సీ విషయంలో తగువు ఉండదు. వేరు వేరువి కలిపితే రెండూ నెమ్మదైనదాని నడకకు దిగుతాయి.

2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల కొత్త మెమరీ ధరలు బాగా పెరిగాయి. డీడీఆర్3ఎల్ డెస్క్‌టాప్ స్టిక్‌లు కొత్తవి పేరున్న తయారీవి దొరకడం ముందే కష్టం. అందుకని పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసినవి వెతికాను. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ స్వయంగా చిప్పులు చేసే కంపెనీలు. పెద్ద కంపెనీల ఆఫీసు కంప్యూటర్లలో వీళ్లు నేరుగా చేసిన స్టిక్‌లే ఎక్కువ ఉంటాయి. మెరుపు లేని ఆకుపచ్చ స్టిక్, తెల్లని లేబుల్, అంతే. ఊరూ పేరూ లేని కొత్తదాని కంటే ఇలాంటి పాతదే నాకు నమ్మకం. ఈ మాట అందరూ ఒప్పుకోకపోవచ్చు. కానీ మెమరీకి తిరిగే భాగాలు లేవు, అరిగేది లేదు. సరైన వోల్టేజితో నడిచిన మంచి స్టిక్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

విశాఖ వెళ్లాను. పాత కంప్యూటర్లు అమ్మే ఒక కొట్టులో పెట్టె నిండా స్టిక్‌లు ఉన్నాయి. కుర్రాడు ఒక్కొక్కటీ తీస్తుంటే నేను లేబుళ్లు చదివాను. 8జీబీ, 2ఆర్ఎక్స్8, పీసీ3ఎల్-12800యూ అని ఉన్నవి ఒకే తయారీవి రెండు దొరికాయి. పిన్నుల మీద పచ్చని మరకలు లేకుండా, చిప్పుల మూలలు విరగకుండా ఉన్నవి ఎంచుకున్నాను. డబ్బు ఇచ్చే ముందు ఒక షరతు పెట్టాను. ఇంటికెళ్లి పరీక్షిస్తాను, తప్పు తేలితే వారంలోపు మార్చాలి, ఆ మాట బిల్లు మీద రాయాలి అని. యజమాని కొంచెం ఆలోచించి రాసి ఇచ్చారు. పాత సామాను కొనేటప్పుడు ఆ ఒక్క వాక్యం ధరలో తగ్గింపు కంటే విలువైనది.

బిగించడం ఐదు నిమిషాల పని. కరెంటు పూర్తిగా తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి లోపల మిగిలిన విద్యుత్తును ఖాళీ చేశాను. క్యాబినెట్ లోహాన్ని ముట్టుకుని ఒంటి మీది స్థిరవిద్యుత్తును వదిలించుకున్నాను. కొందరు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పూత అరుగుతుంది, పొడి స్లాటులో పడుతుంది. నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. గాటు సరిచూసి రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడతాయి. ఒక వైపు పడి రెండో వైపు పడనట్టు ఉంటే ఆన్ చేయకూడదు.

ఆన్ చేశాను. విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర, బయాస్‌లో 16384 ఎంబీ, 1600, డ్యూయల్ చానల్ అని మూడూ కనిపించాయి. విండోస్ తెరుచుకుంది. చాలామంది ఇక్కడితో మూత బిగించేస్తారు. నేను మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా నడవనిచ్చాను. ఉచిత వెర్షన్ నాలుగు విడతలు పరీక్షిస్తుంది. తెల్లవారి వచ్చి చూస్తే తెర మీద ఎర్ర గీతలు. ఒక్కో గీతలో ఒక చిరునామా, అక్కడ రాసిన విలువ, తిరిగి చదివినప్పుడు వచ్చిన విలువ. రెండూ వేరు. అంటే ఆ స్టిక్ తనలో పెట్టిన దాన్ని మార్చి ఇస్తోంది. నేను దాన్ని అలాగే వాడుకుని ఉంటే ఎప్పుడో ఒకసారి ఫైలు సేవ్ అయ్యే సమయంలోనే ఆ తప్పు జరిగి, రాత్రి చేసిన ఫ్లెక్సీ పొద్దున తెరుచుకోకపోయేది. కారణం ఎవరికీ అంతు చిక్కేది కాదు, వైరస్ అనేవాళ్లు.

ఏది చెడ్డదో తేల్చడానికి ఒక్కొక్కటిగా అదే స్లాటులో పెట్టి పరీక్షించాను. ఒకదానికి ఒక్క తప్పూ లేదు. రెండోదానికి మళ్లీ అవే చిరునామాల దగ్గర గీతలు. స్లాటు బాగానే ఉందని, స్టిక్‌దే లోపమని తేలింది. తెర ఫొటో తీసుకుని మళ్లీ విశాఖ వెళ్లాను. “కంప్యూటర్ ఆన్ అవుతోందిగా, బాగానే ఉన్నట్టే కదండీ” అన్నాడు కుర్రాడు. యజమాని ఫొటో చూశారు, బిల్లు మీద తాను రాసింది చూశారు, పెట్టెలో వెతికి అదే తయారీది ఇంకొకటి ఇచ్చారు. దాన్నీ రాత్రంతా పరీక్షించాను. ఈసారి నాలుగు విడతలూ శుభ్రంగా దాటింది.

కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్‌తో చూసేవాళ్లకు ఒక మాట. అందులో మెమరీ పేజీలో డీర్యామ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 1600 కనిపించదు, 800కు దగ్గరగా, 798 అలా కనిపిస్తుంది. మోసపోయామని కంగారు పడనక్కరలేదు. డీడీఆర్ మెమరీ గడియారపు ఒక్కో చక్రంలో రెండుసార్లు సమాచారం పంపుతుంది, 800ను రెండింతలు చేస్తే 1600. అదే పేజీలో చానళ్ల దగ్గర డ్యూయల్ అని ఉందో లేదో చూడండి. ఎస్‌పీడీ పేజీలో స్టిక్ తన గురించి తాను చెప్పే వివరాలు ఉంటాయి. అక్కడ వోల్టేజి 1.35 అని చూశాకే నేను లేబుల్‌ను పూర్తిగా నమ్మాను, లేబుళ్లు మార్చి అతికించేవాళ్లూ ఉన్నారు కాబట్టి.

ఫ్లెక్సీ పని ఇప్పుడు సాఫీగా సాగుతోంది. ఫొటోషాప్ ప్రాధాన్యాల్లో మెమరీ వాటా 70 శాతం దగ్గరే ఉంచాను. అదే పది అడుగుల ఫ్లెక్సీని అన్ని లేయర్లతో తెరిచి, పక్కన పేజ్‌మేకర్‌లో శుభలేఖ పెట్టుకున్నా మెమరీ పది జీబీ దాటడం అరుదు. కస్టమరు పక్కన కూర్చుని ‘ఆ ఫొటో కొంచెం పెద్దది చేయండి, పేరు కిందికి దించండి’ అంటుంటే అప్పటికప్పుడు చేసి చూపించగలుగుతున్నాను. మా పనిలో అదే పెద్ద సౌఖ్యం.

తీసేసిన 4 జీబీ స్టిక్ మిగిలింది. గజపతినగరంలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల సెంటర్ నడిపే మిత్రుడి దగ్గర నాలుగో తరం హెచ్81 బోర్డు ఉంది, అందులో 1.5 వోల్టుల 4 జీబీ ఒకటే ఉంది. ఎల్ ఉన్నది పాత బోర్డుకు పడదని ఆయనకు ఎవరో చెప్పారట. పడనిది ఎల్ లేని స్టిక్ మాలాంటి బోర్డుకు. ఎల్ స్టిక్ 1.5ను కూడా తట్టుకుంటుంది, ఆయన ప్రాసెసర్‌కూ 1.5 సమ్మతమే. రెండూ 1600వే. తీసుకెళ్లి రెండో స్లాటులో పెట్టి, పెన్‌డ్రైవ్‌లోని మెమ్‌టెస్ట్86ను నడిపించి, ఉదయం వరకు ఆపవద్దని చెప్పి వచ్చాను. మర్నాడు ఫోన్ చేశారు, ఒక్క ఎర్ర గీతా లేదు, 8 జీబీ చూపిస్తోంది అని.